మీకు తెలుసా? విండోస్ ఇంటి నుంచి లినక్స్ ఇంటికి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేసుకుందామంటే కంప్యూటర్లో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ కూడా కొత్త తరానిదై ఉండాలి. మా అమ్మ వాడే ల్యాప్‌టాప్‌కి ఆ రెండూ లేవు. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్.ఎస్.డి. వేయించి రెండేళ్లే అయింది. నడుస్తున్న బండిని తుక్కు కింద అమ్మడానికి మనసొప్పక దాంట్లో లినక్స్ వేశాను. ఆ కబురు తెలిసి చుట్టాలు, పక్కింటివాళ్లు, మా వీధి డీటీపీ షాపు ఆయన ఒక్కొక్కరే వచ్చి అడగడం మొదలుపెట్టారు. వాళ్లతో చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

లినక్స్‌కి అందరికంటే ముందు మారిందెవరు?

దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్సే. అదీ ఒక పొరపాటు వల్ల. 1991లో ఆయన ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల కుర్రాడు. వాయిదాల మీద కొనుక్కున్న 386 కంప్యూటర్లో మినిక్స్ నడిపేవారు. అది ఆండ్రూ టానెన్‌బామ్ అనే ప్రొఫెసర్ పాఠం చెప్పడానికి తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్. దాని పక్కనే లైనస్ తన సొంతది ఒకటి రాసుకుంటున్నారు. ఒకరోజు మోడెమ్‌కి పంపాల్సిన ఆదేశాన్ని చెయ్యి జారి హార్డ్ డిస్క్‌కి పంపేశారు. మినిక్స్ ఉన్న భాగం చెడిపోయింది. మళ్లీ మినిక్స్ ఎక్కించుకోవాలా, సగంలో ఉన్న తన పనినే పూర్తిచేసి దాంతోనే నెట్టుకురావాలా అన్న ప్రశ్న వచ్చింది. రెండో దారే పట్టారు.

పేరు కూడా ఆయన పెట్టింది కాదు. ఆయన మనసులో ఉన్న పేరు ఫ్రీయాక్స్. ఆ ఫైళ్లకి సర్వర్లో చోటిచ్చిన ఆరి లెమ్కెకి అది నచ్చలేదు. ఫోల్డర్‌కి లినక్స్ అని పేరు పెట్టేశారు. ఊరంతా ఆ పేరుతోనే పిలిచింది.

మీరు ఇప్పటికే రోజూ లినక్స్ వాడుతున్నారని?

"మాకు అలవాటు లేదు బాబూ" అనే పెద్దవాళ్లకి నేను ముందు వాళ్ల చేతిలో ఫోన్ చూపిస్తాను. ఆండ్రాయిడ్‌కి అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండె లాంటి భాగం. చాలా వైఫై రూటర్లలోనూ, స్మార్ట్ టీవీల్లోనూ అదే. ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ 2017 నవంబర్ నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2021లో అంగారకుడి మీద ఎగిరిన చిన్న హెలికాప్టర్ ఇంజెన్యుటీలోనూ అదే ఉంది.

భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు వాడే ల్యాప్‌టాప్‌లను 2013లో విండోస్ ఎక్స్‌పీ నుంచి డెబియన్ లినక్స్‌కి మార్చారు. ఏదైనా మొరాయిస్తే ఇంకొకరి కోసం ఎదురుచూడకుండా తామే లోపలికెళ్లి సరిచేసుకునే వీలుండాలన్నది అప్పట్లో చెప్పిన కారణం. నాకు ఈ కారణమే అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది.

ఇదంతా ఒక ప్రింటర్ దగ్గర మొదలైందని?

1980 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఒక ప్రింటర్ ఉండేది. కాగితం ఇరుక్కుంటే, ప్రింటు కోసం చూస్తున్నవాళ్లందరి తెరల మీదా కబురు వచ్చేలా రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రాంని సవరించి పెట్టారు. తరవాత జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ వచ్చింది. అందులోనూ కాగితం ఇరుక్కునేది. కానీ ఈసారి ప్రోగ్రాం మూలం (సోర్స్ కోడ్) ఇవ్వలేదు. వేరే విశ్వవిద్యాలయంలో ఆ మూలం ఉన్న పరిశోధకుణ్ణి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి రాసిచ్చానన్నారు.

ఆ మాట స్టాల్‌మన్‌ని వదల్లేదు. ఎవరైనా చూడగలిగే, మార్చుకోగలిగే, పంచుకోగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తానని 1983 సెప్టెంబర్ 27న ప్రకటించారు. దాని పేరు గ్నూ. లైనస్ తన కెర్నల్‌ని తయారుచేసుకున్నది ఆ గ్నూ కంపైలర్‌తోనే. 1992లో ఆ కెర్నల్‌ని, ఎవరైనా మార్చుకుని పంచుకోగలిగే గ్నూ లైసెన్సు కిందికి తెచ్చారు. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే ఇవాళ మనం ఈ విషయం మాట్లాడుకునేవాళ్లమే కాదు.

ఇక ప్రింటర్ల సంగతి. లినక్స్‌లో ముద్రణ చూసుకునే కప్స్ అనే ఏర్పాటే యాపిల్ మ్యాక్‌లోనూ ఉంటుంది. అందుకే చాలా ప్రింటర్లు తీగ తగిలించగానే పలుకుతాయి, సీడీ వెతుక్కోనక్కర్లేదు. ప్రింటరూ స్కానరూ కలిసి ఉన్న కొన్ని యంత్రాల్లో మాత్రం ప్రింటు వస్తుంది, స్కాన్ రాదు. ఇంట్లో ఉన్నదాన్ని ముందే తగిలించి చూసుకోండి.

ఇంగ్లీషులో ఇప్పటికీ తెగని గొడవ తెలుగులో అసలు పుట్టలేదని?

ఇంగ్లీషులో ఫ్రీ అంటే డబ్బు తీసుకోకుండా ఇచ్చేదీ అవుతుంది, స్వేచ్ఛ కలిగినదీ అవుతుంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే ఏ అర్థంలోనో వివరించడానికి అక్కడివాళ్లు నలభై ఏళ్లుగా అవస్థ పడుతూనే ఉన్నారు. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. గుళ్లో ప్రసాదం ఉచితం, వంట ఎలా చేశారో చూసి ఇంట్లో చేసుకోగలగడం స్వేచ్ఛ. 2000ల మధ్యలో హైదరాబాద్‌లో లినక్స్‌ని తెలుగులోకి తేవడానికి పూనుకున్నవాళ్లు తమ ఉద్యమానికి పెట్టుకున్న పేరు స్వేచ్ఛ. ఇంజనీరింగ్ విద్యార్థులే ఎక్కువమంది కూర్చుని మెనూలలో మాటలు ఒక్కొక్కటే అనువదించారు. ఆ పేరు ఎంచుకోవడంలోనే సగం వివరణ అయిపోయింది.

తెలుగు యూనికోడ్‌ది, లినక్స్‌ది ఒకే పుట్టిన సంవత్సరమని?

రెండూ 1991. లినక్స్ మొదటి రూపం ఆ సెప్టెంబర్‌లో బయటికొస్తే, ఒక్కో లిపిలోని అక్షరాలకి కంప్యూటర్లో ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో, తెలుగుకి చోటిచ్చిన మొదటి సంపుటి అక్టోబర్‌లో వచ్చింది. కానీ చోటివ్వడం వేరు, తెర మీద అక్షరం కుదురుగా నిలబడడం వేరు.

స్త్రీ అన్న మాట తీసుకోండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి, త వత్తు కిందికి తోసి, క్రారవడి పక్కకి తిప్పి, గుడిదీర్ఘం తలమీద పెట్టే ప్రోగ్రాం ఒకటి ఉండాలి. ఆ పని ఇవాళ చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇరాన్ నుంచి వచ్చిన బెహ్దాద్ ఇస్ఫహ్‌బొద్ దీన్ని నడిపించారు, పేరు కూడా పారశీక మాటల నుంచి కట్టిందే. లినక్స్ డెస్క్‌టాప్‌లతోపాటు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ అదే వాడతాయి. విండోస్‌లో క్రోమ్ తెరిచి తెలుగు వార్త చదివినా, ఆ వత్తుల్ని సర్దుతున్న చెయ్యి ఇదే.

ఫాంట్ల విషయానికొస్తే, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఎంతోకాలంగా లినక్స్‌లో ఉన్నాయి. రెడ్‌హ్యాట్ కంపెనీ ఇచ్చిన లోహిత్ ఫాంట్లలో తెలుగుదీ ఒకటి. సంస్కృతంలో లోహితం అంటే ఎరుపు, కంపెనీ పేరే అలా మన భాషలోకి వచ్చి కూర్చుంది. తరవాత సిలికానాంధ్ర చొరవతో వచ్చిన సురన్న, గిడుగు, రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు కూడా ఎవరైనా వాడుకునే లైసెన్సుతోనే ఉన్నాయి. అన్నీ కలిపి దించుకుంటే ఒక చిన్న పత్రిక నడపడానికి సరిపడా ముఖాలు చేతికొస్తాయి.

టైపింగ్? ఇన్‌స్క్రిప్ట్ లోపలే ఉంటుంది, భాషల అమరికలో తెలుగు చేరిస్తే చాలు. ఐబస్, ఎం17ఎన్ అనే రెండు పొట్లాలు ఎక్కిస్తే యాపిల్ అమరిక, ఆర్.టి.ఎస్., పోతన, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతులు కూడా వస్తాయి. ఎన్నాళ్లుగానో వేళ్లకి పట్టిన అలవాటుని మార్చుకోనక్కర్లేదు. మారాలనుకునేవాళ్లు చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను.

తెలుగులో ఫైలు పేరు ఎంత పొడుగు పెట్టొచ్చు?

లినక్స్‌లో ఒక ఫైలు పేరుకి 255 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడుతుంది. తెలుగు యూనికోడ్ ముక్క ఒక్కోదానికి మూడు. అంటే 85 ముక్కలే. మనం చూసిన స్త్రీ ఒక్కటే 18 బైట్లు తినేస్తుంది. విండోస్‌లో లెక్క వేరు కాబట్టి అక్కడ పెట్టిన పొడుగాటి తెలుగు పేర్లు ఇక్కడికి తెచ్చేటప్పుడు కొన్ని మొరాయిస్తాయి. పేరు కాస్త కుదిస్తే సరి.

ఇందులోనే మనకో లాభం కూడా ఉంది. లినక్స్ పెద్దబడి అక్షరాల్ని, చిన్నబడి అక్షరాల్ని వేరువేరుగా చూస్తుంది, ఇంగ్లీషులో ఒక్క అక్షరం పెద్దదైతే అది ఇంకో ఫైలు. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. తెలుగుకి ఆ రెండు బడులే లేవు. అమ్మ తన ఫైళ్లన్నిటికీ తెలుగు పేర్లే పెడుతుంది, ఆవిడకి ఈ చిక్కు ఒక్కసారి కూడా ఎదురవలేదు.

రూపాయి గుర్తు మొదట ఎక్కడ వచ్చింది?

భారత ప్రభుత్వం ₹ గుర్తుని 2010 జూలై 15న ఆమోదించింది. అదే ఏడాది అక్టోబర్ 10న వచ్చిన, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 10.10లో అది ముందే అమర్చి ఉంది. దాన్ని చేర్చింది మనదేశపు కార్యకర్తే. విండోస్‌కి ఆ గుర్తుని తెచ్చే అప్‌డేట్ 2011 మేలో వచ్చింది. అన్నట్టు, ఉబుంటు అంకెల్లో పెద్ద రహస్యమేమీ లేదు: 10.10 అంటే 2010వ సంవత్సరం, పదో నెల.

డీటీపీ షాపు ఆయన ఎందుకు మారలేదు?

మా వీధిలో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, సంతాప ప్రకటనలు వేసే షాపు ఉంది. అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. "సార్, లినక్స్ వేయించుకుంటే మా పాత ఫైళ్లు తెరుచుకుంటాయా?" అని అడిగారు. ఉన్నవి ఉన్నట్టు తెరుచుకోవని చెప్పాల్సి వచ్చింది.

కారణం చెబుతాను. అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో తలకట్లు, కొమ్ములు, వత్తులు బొమ్మలుగా కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి పేజీ మనిషి కూర్చుని చదవాలి. ఇరవై ఏళ్ల శుభలేఖల్ని ఎవరు చదువుతారు?

ఆయనతో నేను చెప్పింది ఇది: పాత కంప్యూటర్‌ని ఇంటర్నెట్ తీసేసి అలాగే ఉంచండి, కొత్త పనులు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. లినక్స్‌లో పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. చాలాకాలం అది మన లిపుల్ని సరిగ్గా కూర్చలేకపోయేది. దాన్ని ముందుగా బాగుచేసింది ఒమన్ దేశపు స్వచ్ఛంద కార్యకర్తలు. తమ అరబ్బీ కోసం చేసుకున్న ఆ పనితో మన తెలుగు కూడా నిలబడింది. ఆ మార్పు 2017లో ప్రయోగ రూపంలో వచ్చి, 2024 జనవరిలో స్క్రైబస్ 1.6గా స్థిరపడింది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. తొందరపెట్టడం నాకిష్టం లేదు, అది ఆయన జీవనాధారం.

ఉత్తరం రెండు పేజీలు కావాల్సింది మూడు ఎందుకవుతుంది?

విండోస్‌లో తెలుగు ఉత్తరం రాసి లినక్స్‌లో తెరిస్తే కొన్నిసార్లు వరుసలు జరిగిపోతాయి. విండోస్‌లో తెలుగుకి ఎక్స్‌పీ కాలం నుంచి ఉన్న ఫాంటు గౌతమి, మన గోదావరి పేరే. అది మైక్రోసాఫ్ట్ సొంతం కాబట్టి లినక్స్‌లో రాదు. దాని స్థానంలో లోహిత్ ఫాంటో నోటో ఫాంటో వచ్చి కూర్చుంటుంది, వెడల్పు మారుతుంది. ఇంగ్లీషుకి ఈ బాధ తక్కువ. టైమ్స్ న్యూ రోమన్, ఏరియల్‌లతో అక్షరం వెడల్పు అచ్చంగా సరిపోయే లిబరేషన్ ఫాంట్లను రెడ్‌హ్యాట్ 2007లో విడుదల చేసింది. తెలుగుకి తేలికైన మార్గం: రెండువైపులా ఒకే స్వేచ్ఛా ఫాంటు పెట్టుకోవడం.

గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పుతుందని?

ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లు ఇది చూసి కంగారుపడతారు. మదర్‌బోర్డు మీద బటన్ బ్యాటరీతో నడిచే గడియారం ఒకటుంటుంది. అందులో ఉన్నది స్థానిక సమయం అనుకుంటుంది విండోస్. అది గ్రీనిచ్ సమయానికి సమానమైన అంతర్జాతీయ సమయం అనుకుంటుంది లినక్స్. లినక్స్ వాడి ఆపి, పొద్దున పదింటికి విండోస్ తెరిస్తే నాలుగున్నర చూపిస్తుంది. బ్యాటరీ పోయిందని మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంగానే చదవమని లినక్స్‌కి ఒక్క ఆదేశం ఇస్తే ఇద్దరూ ఒక మాట మీదికొస్తారు.

ఏమీ ఎక్కించకుండానే వాడి చూడొచ్చని?

పెన్‌డ్రైవ్‌లో లినక్స్ రాసుకుని దాని నుంచే కంప్యూటర్ మొదలుపెట్టొచ్చు. హార్డ్ డిస్క్‌ని అది ముట్టుకోదు. ఈ పద్ధతిని 2000 నుంచి జనంలోకి తెచ్చింది జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ సీడీ, దాని పేరు క్నాపిక్స్. వైఫై పలుకుతోందా, శబ్దం వస్తోందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా అని అలా రెండు రోజులు చూసుకుని అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

ఎక్కించే ముందు మూడు పనులు. మొదటిది, ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి నకలు తీసుకోండి. రెండోది, కొత్త ల్యాప్‌టాప్ అయితే బిట్‌లాకర్ తాళం ఉందేమో చూడండి, ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. బయాస్ అమరికలు మారిస్తే విండోస్ ఆ అంకెలు అడుగుతుంది, లేకపోతే తలుపు తియ్యదు. మూడోది, రెండూ ఉంచుకోదలిస్తే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉన్నంతవరకు విండోస్ పూర్తిగా నిద్రపోదు, డిస్క్‌ని పట్టుకునే ఉంటుంది, అందుకే లినక్స్ ఆ భాగంలో రాయడానికి జంకుతుంది.

మొదటి పని నేను ఒకసారి చెయ్యలేదు. చాలా ఏళ్ల కిందట, అర్ధరాత్రి నిద్రమత్తులో, మొత్తం డిస్క్ తుడిచి ఎక్కించమనే గడి ఎంచుకున్నాను. మా పిన్ని కూతురి పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. వేరే నకలు లేదు. పిన్ని ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకని ఎవరింటికి వెళ్లినా పెన్‌డ్రైవ్ తియ్యడానికి ముందు "నకలు తీశారా?" అని రెండుసార్లు అడుగుతాను.

సి డ్రైవ్ ఏమైంది?

అమ్మ మొదటివారం అడిగిన ప్రశ్న. విండోస్‌లో మొదటి డ్రైవ్ ఎ కాకుండా సి ఎందుకో చాలామందికి తెలియదు. తొలి రోజుల్లో ఎ, బి అక్షరాలు ఫ్లాపీలకి కేటాయించారు. ఫ్లాపీలు పోయాయి, ఆ ఖాళీలు అలాగే ఉండిపోయాయి. లినక్స్‌లో అన్నిటికీ ఒకటే వేరు, అన్నీ దాని కొమ్మలు. పెన్‌డ్రైవ్ పెడితే అదీ ఒక కొమ్మగా మొలుస్తుంది. మన ఫైళ్లన్నీ హోమ్ అనే ఒక్క చోటే ఉంటాయి.

ఇంకోరోజు, "ఒరేయ్, పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడట్లేదు, కీబోర్డు పోయినట్టుంది" అంది. కీబోర్డు బాగానే ఉంది. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ఏమీ కనిపించకుండా ఉంచడం యూనిక్స్ కాలం నుంచి వస్తున్న పద్ధతి, వెనక నిలబడ్డవాళ్లకి ఎన్ని అక్షరాలో కూడా తెలియకుండా. కొట్టి ఎంటర్ నొక్కితే చాలు.

ఆవిడకి వెంటనే నచ్చింది సాఫ్ట్‌వేర్ల కొట్టు. కావాల్సింది వెతికి, నొక్కితే వచ్చేస్తుంది, ఎక్కడెక్కడి వెబ్‌సైట్ల నుంచో దించుకోనక్కర్లేదు. "ఫోన్‌లో లాగే ఉందే" అంది. నిజానికి వరస తిరగెయ్యాలి. డెబియన్ వాళ్ల ఆప్ట్ 1998 నాటికే ఈ పని చేస్తోంది. ఐఫోన్‌కి యాప్ స్టోర్ వచ్చింది 2008లో.

ఒక నగరం మారి, మళ్లీ వెనక్కి వెళ్లిందని?

జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్ వైపు మొగ్గింది. మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ మంచుకొండల్లో సెలవుని మధ్యలో ఆపుకుని మేయర్‌ని కలవడానికి వచ్చారు. అయినా నగరం తన మాట మీదే నిలబడింది. పదేళ్లు పట్టింది గానీ, 2013 చివరికి దాదాపు 15 వేల కంప్యూటర్లు మారాయి. 2017లో కొత్త నాయకత్వం తిరిగి విండోస్‌కే వెళ్లాలని తీర్మానించింది. మ్యూనిక్‌ని చూపించి లినక్స్ పనికిరాదనేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఒక మహానగరం ఆఫీసులు దాని మీద నడిచాయన్నది కూడా అదే కథలో ఉంది.

ఫ్రాన్స్ జాతీయ జాండార్మరీ అనే పోలీసు దళం దారి వేరు. వాళ్లు ముందు ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి పోలేదు. 2005లో ఓపెన్‌ఆఫీస్, 2006లో ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, అవన్నీ విండోస్‌లోనే అలవాటు చేశారు. 2008 నుంచి కింద ఉన్నదాన్ని ఉబుంటుకి మార్చడం మొదలుపెట్టారు. అప్పటికి సిబ్బంది రోజూ వాడే కిటికీలన్నీ పాతవే, ఇల్లు మాత్రమే కొత్తది. ఇప్పుడక్కడ నూటికి తొంభైకి పైగా కంప్యూటర్లు లినక్స్‌వి. ఇంట్లో మారదలచినవాళ్లకి నేను చెప్పేది కూడా ఈ వరసే. ముందు విండోస్‌లోనే లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, జింప్ వాడండి. మూడు నెలలకి చేతులు వాటికి అలవాటుపడతాయి. అప్పుడు మారడం ఒక్క సాయంత్రం పని.

2024లో జర్మనీలోనే ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం తన 30 వేల కంప్యూటర్లను ఇదే బాట పట్టిస్తామని ప్రకటించింది.

మనకి ఇంకా దగ్గర ఉదాహరణ కేరళ. అక్కడి ప్రభుత్వ పాఠశాలల పిల్లలు దాదాపు రెండు దశాబ్దాలుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఆ పథకాన్ని నడిపే కైట్ సంస్థ 2019లో కొత్త వెర్షన్‌ని 2 లక్షలకు పైగా కంప్యూటర్ల కోసం విడుదల చేస్తూ, లైసెన్సుల ఖర్చు 3,000 కోట్ల రూపాయలు మిగులుతోందని లెక్క చెప్పింది. ఈ-కోర్టుల పథకం కింద దేశంలో జిల్లా కోర్టుల కంప్యూటర్లకి ఎంచుకున్నది ఉబుంటు. మన రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో ఆ స్థాయిలో ఇది జరగలేదన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

లినక్స్‌కి ప్రేమ గుర్తు వేసింది మన హైదరాబాదీ అని?

2001లో బాల్మర్ ఒక పత్రికతో మాట్లాడుతూ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చారు. 2014 ఫిబ్రవరిలో ఆయన కుర్చీలోకి వచ్చినవారు బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. అదే ఏడాది అక్టోబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో వేదిక మీద, మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ప్రేమ అని హృదయం గుర్తుతో తెర మీద చూపించారు. 2016లో కంపెనీ లినక్స్ ఫౌండేషన్‌లో సభ్యత్వం తీసుకుంది. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూ.ఎస్.ఎల్. కూడా అదే ఏడాది వచ్చింది. ఒక్కసారిగా ఇల్లు ఖాళీ చెయ్యడానికి జంకే విద్యార్థులకి ఇది మంచి వసారా.

ఎవరు మారకూడదు?

ట్యాలీ మీద పద్దులు రాసేవాళ్లు. దానికి లినక్స్ వెర్షన్ లేదు. డిజిటల్ సంతకం టోకెన్‌తో టెండర్లు, రిటర్నులు వేసేవాళ్లు తమ టోకెన్ లినక్స్‌లో పలుకుతుందని కళ్లారా చూసుకునేదాకా విండోస్ వదలొద్దు. ఫొటోషాప్ మీదే బతుకుతెరువు ఉన్నవాళ్లకీ ఇదే మాట. ఆటలు ఆడేవాళ్లకి మాత్రం రోజులు మారాయి. విండోస్ ప్రోగ్రాంలని లినక్స్‌లో నడిపే, 1993లో మొదలైన వైన్ మీద కట్టి వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ తెచ్చాక, విండోస్ కోసం రాసిన ఆటలు వేలకొద్దీ ఇక్కడ నడుస్తున్నాయి.

లైనస్ కంప్యూటర్లో ఇవాళ్టి లినక్స్ నడవదని?

386 చిప్‌కి మద్దతు ఇచ్చే భాగాన్ని 2012 డిసెంబర్‌లో కెర్నల్ నుంచి తీసేశారు. ఆమోదముద్ర వేసింది లైనసే. పాత కంప్యూటర్లన్నిటికీ లినక్స్ సంజీవని అని కొందరంటారు, అంత దూరం పోకూడదు. 32 బిట్ ప్రాసెసర్లని చాలా లినక్స్‌లు వదిలేశాయి, ఉబుంటు 2017లోనే ఆ డెస్క్‌టాప్ సీడీ ఆపింది. మీది 64 బిట్ అయి, 4 జీబీ ర్యామ్ ఉండి, ఎస్.ఎస్.డి. వేయించుకోగలిగితే లినక్స్ మింట్ లాంటిది హాయిగా నడుస్తుంది.

మెనూలో మాట నచ్చకపోతే మీరే మార్చొచ్చని?

తెలుగు అనువాదం అన్నిచోట్లా నిండుగా లేదు. ఒక మెనూలో నాలుగు మాటలు తెలుగులో ఉంటే ఐదోది ఇంగ్లీషులో ఉంటుంది. లిబ్రెఆఫీస్ లాంటివాటి అనువాదాలు జరిగే చోట ఖాతా తెరిచి, ఆ ఖాళీని ఎవరైనా పూరించొచ్చు. ఇంకొకరు చూసి ఒప్పుకుంటే తరవాతి వెర్షన్‌లో అది అందరి తెరల మీదికీ వెళుతుంది.

అమ్మ ముప్పై ఏళ్లు తెలుగు పంతులమ్మగా చేసింది. ఒక సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంగ్లీషులో మిగిలిపోయిన వాక్యాలు ఒక్కొక్కటే చదివించుకుని తెలుగు చెప్పింది, నేను కొట్టాను. సేవ్ దగ్గర ఆగాం. కొన్నింట్లో భద్రపరచు అని ఉంది, కొన్నింట్లో దాచు అని. నేను భద్రపరచు అన్నాను.

"బళ్లో పిల్లలు ఏమంటార్రా? పుస్తకం దాచుకున్నానంటారు, డబ్బులు దాచుకున్నానంటారు. దాచు అనే రాయి."

అలాగే రాసి పంపాను. ఇంకా ఎవరో చూసి ఒప్పుకోవాలి. ఆవిడ రోజూ పొద్దున ల్యాప్‌టాప్ తెరవగానే ముందు ఆ మెనూ నొక్కి చూస్తోంది.